రంగస్థలమే పుట్టినిల్లు: సురభి కమలాబాయి

స్త్రీ పాత్రను స్త్రీ ధరించడం నేటి ప్రేక్షకులకు సహజంగా కనిపిస్తుంది. సీతగా, ద్రౌపదిగా, శకుంతలగా ఒక పురుషుడు తెరమీద కనిపిస్తే మనం ఆశ్చర్యపోతాం. కాని నూట నలభై సంవత్సరాల క్రితం తెలుగు పట్టణాలలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. ఆనాటి నాటకశాలలలో స్త్రీ రంగస్థలం మీదికి రావడమే ఆశ్చర్యకరమైన విషయం. రంగస్థలం మీద ఏడ్చే దమయంతి పురుషుడే, అలిగే సత్యభామ పురుషుడే, శపించే ద్రౌపది కూడా పురుషుడే. ఈ పరిస్థితిని మార్చినవారిలో సురభి నాటక కుటుంబాలు అగ్రగణ్యమైనవి. ఆ కుటుంబాలలో జన్మించి, బాల్యం నుండి నాటకంలోనే పెరిగి, తెలుగు చలనచిత్రాలలో తొలి కథానాయికగా ప్రసిద్ధి పొందిన నటీమణి సురభి కమలాబాయి. ఆమె జీవితాన్ని తెలుసుకోవాలంటే, ఆమె పుట్టుకకు ముందే రంగస్థలం మీద స్త్రీకి చోటు ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలి.

పల్లెలో కనిపించిన స్త్రీ

దక్షిణ తెలంగాణలోని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ప్రధానంగా మెట్టప్రాంతాలు. వానను నమ్ముకొని సేద్యం చేసే ఈ పల్లెలలో పంట ఇల్లు చేరిన తరువాత కొంత తీరిక దొరికేది. అప్పుడు ఊరి నడుమ గుంజలు పాతి, పందిరి వేసి, రాత్రివేళ యక్షగానాలు ఆడించేవారు. ఊరివారు చాపలు, గొంగళ్ళు పరచుకొని కూర్చొని తెల్లవారేవరకు కథ చూసేవారు. గ్రామస్థులే వేషాలు కట్టే యక్షగానాలలో ఆడవేషం సాధారణంగా మగవారిదే. గొంతు సన్నగా ఉన్న యువకునికి చీర కట్టి, సవరం పెట్టి, స్త్రీ పాత్ర ఇచ్చేవారు.

అయితే తెలంగాణ పల్లెలలోనే ఇందుకు భిన్నమైన సంప్రదాయం కూడా ఉంది. అది చిందు భాగవతం. చిందు మేళాలలో భార్యాభర్తలు, అన్నాచెల్లెళ్ళు, తల్లీబిడ్డలు కలిసి వేషాలు కడతారు. స్త్రీలు స్త్రీ పాత్రలను ధరించడమే కాక, అవసరమైనప్పుడు పురుష పాత్రలను కూడా ధరిస్తారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఈ కళలో మిక్కిలి పేరు పొందిన నటి. ఆమె 2005వ సంవత్సరంలో మరణించింది. జనగామ ప్రాంతానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

చిందు కళాకారులు సమాజంలో అట్టడుగున నెట్టివేయబడినవారు. రాత్రి వారి ఆటను ఊరంతా కన్నార్పకుండా చూసేది. తెల్లవారిన తరువాత ఆ ఊరే వారిని దూరంగా ఉంచేది. కాబట్టి తెలుగుదేశంలో స్త్రీ ఎన్నడూ నటించలేదని అనడం సరికాదు. నటించిన స్త్రీకి గౌరవం లభించలేదని అనడమే సమంజసం. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటేనే తరువాతి చరిత్ర స్పష్టమవుతుంది.

పట్టణ నాటకంలో లేని స్త్రీ

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు 1880వ సంవత్సరాన్ని ఆరంభంగా చెబుతారు. ఆ సంవత్సరం ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలు ఇచ్చి వెళ్ళారు. వారు విడిచివెళ్ళిన పాకలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులచేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేశాడు. అనంతరం బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాలు రచించి, సమాజాన్ని స్థాపించి, పద్యానికీ పాటకూ రంగస్థలం మీద గొప్ప స్థానం కల్పించాడు. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు నాటకాభిమానులై ఊరూరా సమాజాలు స్థాపించారు.

విద్యావంతులు నడిపిన ఈ నాటకరంగంలో స్త్రీలకు ప్రవేశం లభించలేదు. ఇందుకు కారణాలు లేకపోలేదు. గృహిణి పరపురుషుల ఎదుట నిలిచి ఆడడాన్ని, పాడడాన్ని ఆనాటి సమాజం అంగీకరించలేదు. సంగీతం, నృత్యం వృత్తిగా గల స్త్రీలు ఉన్నప్పటికీ వారిని కళాకారిణులుగా గాక, కులటలుగానే చూసేవారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో మద్రాసు రాష్ట్రంలో సంస్కర్తలు భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించారు. ఆ ఉద్యమం స్త్రీల మేలు కోరి ప్రారంభమైనదే. కాని దాని ఫలితంగా, నలుగురిలో ఆడి పాడే స్త్రీ మర్యాదస్తురాలు కాదన్న భావం మరింత బలపడింది. ఈ విధంగా గృహిణికి ఇంటి గడప అడ్డమైంది. కళ తెలిసిన స్త్రీకి నింద అడ్డమైంది.

ఆ ఖాళీని పురుషులు పూరించారు. వారిలో కొందరి ప్రతిభ అసామాన్యమైనది. 1902లో జన్మించిన స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా తెలుగువారిని ముగ్ధులను చేశాడు. ఆయనకు 1956లో పద్మశ్రీ పురస్కారం లభించింది. మహారాష్ట్రలో బాలగంధర్వుడు స్త్రీ పాత్రలతోనే చిరకీర్తి పొందాడు. వారి కళను తక్కువ చేయవలసిన పని లేదు. కాని వారు ఎంత గొప్పగా నటించినా, అది స్త్రీని గురించి పురుషుడు చెప్పిన మాటే. స్త్రీ తన మాట తాను చెప్పే అవకాశం ఇంకా రావలసి ఉంది.

వంగదేశంలో ఒక నటి

ఇదే కాలంలో వంగదేశపు నాటకరంగం వేరొక మార్గం తొక్కింది. 1873లో కలకత్తాలోని బెంగాల్ థియేటర్ వారు స్త్రీ పాత్రలకు స్త్రీలనే నియమించారు. మరుసటి సంవత్సరం వినోదినీ దాసి అనే పేద బాలిక పదకొండు సంవత్సరాల ప్రాయంలో నాటకరంగంలో ప్రవేశించింది. గిరీశచంద్ర ఘోష్ శిక్షణలో ఆమె అనతికాలంలోనే ఆనాటి నటీమణులలో అగ్రస్థానం పొందింది. 1884లో ఆమె ‘చైతన్యలీల’ నాటకంలో చైతన్యుని పాత్ర ధరించగా, శ్రీరామకృష్ణ పరమహంస స్వయంగా నాటకశాలకు వచ్చి చూసి ఆమెను ఆశీర్వదించాడు.

ఇంతటి కీర్తి లభించినా ఆమెకు న్యాయం జరగలేదు. స్టార్ థియేటర్ నిర్మాణం కోసం ఆమె తన జీవితాన్నే పణంగా పెట్టింది. ఆ నాటకశాలకు ఆమె పేరు పెడతామని సహచరులు మాట ఇచ్చారు. కాని అటువంటి నేపథ్యం గల స్త్రీ పేరు పెడితే ప్రేక్షకులు రారేమోనన్న శంకతో 1883లో దానికి మరొక పేరు పెట్టారు. ఇరవై మూడు, ఇరవై నాలుగు సంవత్సరాల వయస్సులోనే వినోదిని రంగస్థలం విడిచింది. 1912లో ఆమె తన ఆత్మకథను ప్రచురించింది. 1941లో మరణించింది. కలకత్తాలోని స్టార్ థియేటర్‌కు ఆమె పేరు పెట్టాలన్న నిర్ణయం 2024 డిసెంబరులో వెలువడింది. ఇచ్చిన మాట నెరవేరడానికి సుమారు నూట నలభై సంవత్సరాలు పట్టింది.

వినోదిని కథ ఒక సత్యాన్ని తెలుపుతుంది. రంగస్థలం మీద స్త్రీకి చోటు ఇవ్వడం ఒక మెట్టు. ఆమెకు అండగా నిలవడం అంతకంటె పై మెట్టు. వినోదినికి చోటు దొరికింది గాని అండ దొరకలేదు. తెలుగునాట సురభి సమాజం ఈ రెండింటినీ జోడించే మార్గాన్ని కనుగొన్నది.

సురభి ఆవిర్భావం

సురభి అనేది కడప జిల్లాలోని ఒక చిన్న గ్రామం పేరు. 1885వ సంవత్సరంలో వనారస గోవిందరావు మొదలైనవారు ఆ గ్రామంలో ‘కీచకవధ’ నాటకాన్ని ప్రదర్శించారు. ఊరి పేరే సమాజానికి పేరుగా స్థిరపడింది. మహబూబ్‌నగర్ ప్రాంతంలో కొల్లాపురం రాజధానిగా జటప్రోలు సంస్థానాన్ని పాలించిన ప్రభువుల ఇంటిపేరు కూడా సురభియే. పేరులో పోలిక ఉన్నప్పటికీ ఆ రాజవంశానికి, ఈ నాటక సమాజానికి సంబంధం లేదు.

వనారస వారి పూర్వికులు మహారాష్ట్రం నుండి తెలుగుసీమకు వలస వచ్చినవారు. తోలుబొమ్మలాట వారి కులవృత్తి. ఇంట మరాఠీ మాండలికం మాట్లాడుకొనే ఆ కుటుంబాలవారు ప్రదర్శనలో తెలుగు పద్యాన్ని శ్రావ్యంగా ఆలపించేవారు. తోలుబొమ్మలాటలో ఒక విశేషముంది. పలుచని తెల్లని తెర వెనుక దీపం వెలుగుతుంటుంది. మేకతోలుతోనో, జింకతోలుతోనో చేసి రంగులు వేసిన బొమ్మలను ఆటగాళ్ళు తెరకు ఆనించి ఆడిస్తారు. రాముని మాట, రావణుని మాట పురుషులు పలుకుతారు. సీత మాట, మండోదరి మాట ఆ ఇంటి స్త్రీలు పలుకుతారు. పద్యాలు పాడేదీ, దుఃఖఘట్టాలలో శోకించేదీ వారే.

అంటే ఆ కుటుంబాలలోని స్త్రీలకు కథ తెలుసు, రాగం తెలుసు, తాళం తెలుసు, సంభాషణ తెలుసు. వారి గొంతు ప్రేక్షకులకు తరతరాలుగా పరిచితమే. కనిపించనిది వారి ముఖం మాత్రమే. బొమ్మలాట నాటకంగా మారినప్పుడు, తెర వెనుక సీతకు గొంతు ఇచ్చిన స్త్రీ తెర ముందుకు వచ్చి సీతగా నిలవడానికి ఎన్నో అడుగులు వేయనవసరం లేకపోయింది. అయినా ఆ కొద్ది అడుగులు వేయడానికి ధైర్యం కావలసి వచ్చింది. ఇతర సమాజాలు పురుషులకు చీరలు కట్టిస్తున్న కాలంలో, సురభివారు తమ ఇంటి ఆడపడుచులను, కోడళ్ళను రంగస్థలం మీద నిలిపారు.

ఇంటిల్లిపాది నాటకం

సురభి సమాజంలో కుటుంబమే సంస్థ. యజమాని, నటుడు, గాయకుడు, హార్మోనియం వాయించేవాడు, తెరలు రాసేవాడు, దీపాలు చూసేవాడు అందరూ బంధువులే. తండ్రి దుర్యోధనుడైతే కుమారుడు అభిమన్యుడు. అత్త సుభద్ర అయితే కోడలు శశిరేఖ. నడక రాని పసిబిడ్డ కూడా బాలకృష్ణుడై తల్లి చంకలో రంగస్థలం మీదికి వచ్చేది. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు కూడా నాటక కుటుంబాలవారే కావడంవల్ల పెళ్ళితో స్త్రీ నటన ఆగిపోయేది కాదు. పుట్టింట రుక్మిణిగా నటించిన పడుచు అత్తింట అదే పాత్రను కొనసాగించేది.

వారు ఒక ఊరికి వెళ్ళితే రేకులతో, గుడారపు గుడ్డలతో తాత్కాలిక నాటకశాల నిర్మించి నెలల తరబడి అక్కడే మకాం వేసేవారు. ‘మాయాబజార్’, ‘లవకుశ’, ‘బాలనాగమ్మ’, ‘పాతాళభైరవి’ వంటి నాటకాలను ఒక్కొక్క రాత్రి ఒక్కొక్కటిగా ఆడేవారు. రాజసభకు ఒక తెర, అడవికి ఒక తెర, వీధికి ఒక తెర ఉండేవి. సన్నని తీగల సహాయంతో నారదుని ఆకాశమార్గాన దింపడం, అస్త్రాలు ఒకదానితో ఒకటి ఢీకొని నిప్పులు రాల్చడం, ఘటోత్కచుని నోటిలోకి లడ్డూలు ఎగిరి రావడం వంటి చమత్కారాలు ప్రేక్షకులను అబ్బురపరచేవి. ఈ యంత్రాల పనితనం వెనుక పెద్ద చదువులు లేవు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన అనుభవమే వారి విద్య.

కుటుంబం విస్తరించినకొద్దీ సమాజాలు కూడా విస్తరించాయి. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు తెలుగుదేశమంతటా సంచరించాయి. వారి డేరా వేసిన ఊళ్ళో స్త్రీలు బిడ్డలను వెంటబెట్టుకొని నాటకానికి వచ్చేవారు. భర్తతో, అత్తమామలతో, పిల్లలతో కలిసి నటించే నటిని నిందించడం లోకానికి అంత సులభం కాలేదు. వినోదినికి కరవైన అండ ఇక్కడ కుటుంబం రూపంలో లభించింది.

అయితే ఈ ఏర్పాటులో కష్టం లేదని భావించకూడదు. కుటుంబమే సంస్థ అయినప్పుడు సెలవు అనేది ఉండదు. జ్వరం వచ్చినా, ఇంట అశుభం జరిగినా సాయంకాలానికి ముఖానికి రంగు పూసుకోవలసిందే. పగలు వంట, పిల్లల పెంపకం, రాత్రి నటన. స్త్రీలకు ఈ భారం రెట్టింపు. కమలాబాయి జన్మవృత్తాంతం ఈ విషయాన్నే మన కళ్ళకు కడుతుంది.

కమలాబాయి జననం, బాల్యం

కమలాబాయి 1907 ప్రాంతంలో జన్మించింది. తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకుబాయి. ఇద్దరూ సురభి నటులే. ఆమె జననాన్ని గురించి నాటకరంగంలో ఒక కథ ప్రచారంలో ఉంది. వెంకుబాయి నిండు చూలాలుగా ఉండి దమయంతి పాత్ర ధరించిందట. నాటకం నడుస్తుండగా ఆమెకు ప్రసవవేదన ఆరంభమైంది. రంగస్థలం మీదనే ఆమె ఆడబిడ్డను కన్నది. జరిగినదంతా నాటకంలోని ఘట్టమేనని భ్రమించిన ప్రేక్షకులు మెచ్చుకొని డబ్బులు విసిరారట. అసలు సంగతి తెలిసిన తరువాత వారు నిర్విణ్ణులయ్యారని చెబుతారు.

ఈ కథను చాలామంది వింతగా చెప్పుకొంటారు. నటి ఇంట పుట్టిన బిడ్డకు రంగస్థలమే పుట్టినిల్లు కావడం నిజంగా వింతే. కాని ఇందులో మరొక కోణం కూడా ఉంది. నెలలు నిండిన స్త్రీ ఆ రాత్రి దమయంతి వేషం ఎందుకు కట్టవలసి వచ్చింది? ఆమె ఆడకపోతే నాటకం ఆగుతుంది. నాటకం ఆగితే ఆ పూట కుటుంబమంతటికీ ఆదాయం ఉండదు. ప్రేక్షకులు విసిరిన నాణేలు నటనకు లభించిన మెప్పు మాత్రమే కావు. ఒక తల్లి పడిన శ్రమకు లోకం తెలియక చెల్లించిన మూల్యం కూడా.

కమలాబాయికి బాల్యంలో ఆటపాటలన్నీ నాటకంలోనే. చిన్ననాడే కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి బాలపాత్రలు ధరించింది. పెద్దల ప్రదర్శనలను పక్కతెర చాటునుండి చూస్తూ పద్యాలు నేర్చింది. అక్షరాభ్యాసం కంటె ముందే ఆమెకు రాగాభ్యాసం జరిగిందనవచ్చు. వయస్సు పెరిగినకొద్దీ ఆమె కథానాయిక పాత్రలకు ఎదిగింది. శ్రావ్యమైన కంఠం, స్పష్టమైన ఉచ్చారణ, సందర్భానికి తగిన అభినయం ఆమెకు పేరు తెచ్చాయి. ధ్వనివర్ధకాలు లేని ఆ రోజులలో వెనుక వరుసలో కూర్చున్నవారికి కూడా పద్యంలోని ప్రతి అక్షరం వినిపించాలి. ఆ సాధన ఆమెకు చిన్ననాటినుండి అబ్బింది.

మాట నేర్చిన తెర

1931 మార్చిలో విడుదలైన ‘ఆలం ఆరా’తో భారతీయ చలనచిత్రం మాట్లాడడం నేర్చింది. ఆ వెంటనే తెలుగులో కూడా మాటలాడే చిత్రాన్ని నిర్మించాలని బొంబాయి నిర్మాత అర్దేషిర్ ఇరానీ సంకల్పించాడు. దర్శకత్వ బాధ్యతను హెచ్.ఎం. రెడ్డికి అప్పగించాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు రచించిన ‘భక్తప్రహ్లాద’ నాటకాన్ని కథగా ఎన్నుకొన్నారు.

అప్పుడు ఒక చిక్కు ఎదురైంది. రంగస్థలానికీ చలనచిత్రానికీ మధ్య పెద్ద భేదం ఉంది. నాటకంలో ప్రేక్షకుడు దూరంగా కూర్చుంటాడు. దీపాల వెలుగులో, రంగుల అలంకరణలో పురుషుడు స్త్రీగా చెలామణి కావచ్చు. కెమెరా అలా దూరంగా ఉండదు. నటుని ముఖానికి చేరువగా వస్తుంది. చిన్న కదలికను కూడా పట్టి చూపుతుంది. పైగా ఆనాటికి నేపథ్యగానం లేదు. నటించేవారే చిత్రీకరణ సమయంలో స్వయంగా పాడాలి. కాబట్టి తెలుగు చక్కగా మాట్లాడగల, పద్యం పాడగల, నటనానుభవం గల స్త్రీ కావలసి వచ్చింది. గృహిణులను గడప దాటనివ్వని సమాజంలో అటువంటి స్త్రీ ఎక్కడ దొరుకుతుంది?

సమాధానం సురభి డేరాలలో దొరికింది. హెచ్.ఎం. రెడ్డి సురభి కళాకారులను బొంబాయికి రప్పించాడు. ప్రహ్లాదుని తల్లి లీలావతి పాత్ర కమలాబాయికి లభించింది. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగా, కృష్ణారావు అనే బాలుడు ప్రహ్లాదుడుగా నటించారు. తరువాతి కాలంలో ప్రసిద్ధ దర్శకుడైన ఎల్.వి. ప్రసాద్ కూడా ఇందులో ఒక చిన్న పాత్ర ధరించాడు. ఈ చిత్రం 1931 సెప్టెంబరులో విడుదలైనట్లు చాలాకాలం భావించారు. తరువాతి పరిశోధనలలో 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలైనట్లు తేలింది. తెలుగులో తొలి సంపూర్ణ వాక్చిత్రంగా ‘భక్తప్రహ్లాద’, తొలి కథానాయికగా కమలాబాయి చరిత్రలో నిలిచారు.

లీలావతి పాత్ర స్వభావం గమనింపదగినది. ఒకవైపు భర్త ఆజ్ఞ, మరొకవైపు కన్నకొడుకు ప్రాణం. వీరి నడుమ నలిగిపోయే తల్లి ఆమె. అధికారం లేని స్త్రీకి దుఃఖం ఒక్కటే భాష. అంతవరకు పురుషుల గొంతులో పలికిన ఈ తల్లి ఆవేదన తెలుగు తెరమీద మొదటిసారిగా ఒక స్త్రీ గొంతులో పలికింది. తమ ఇళ్ళలో ఇటువంటి సంఘర్షణను ఎరిగిన స్త్రీ ప్రేక్షకులకు ఆ గొంతు కొత్తది కాదు. అది అందరి ఎదుట వినబడడమే కొత్త.

అదే సంవత్సరం విడుదలైన ‘శకుంతల’ చిత్రంలో కమలాబాయి శకుంతలగా నటించింది. ‘పాదుకాపట్టాభిషేకం’ చిత్రంలోనూ ఆమె పాల్గొన్నది. ఆ తరువాత బొంబాయిలో కొన్నేళ్ళు నివసించి హిందీ చిత్రాలలో కూడా నటించింది. పాఠశాలకు వెళ్ళి చదువుకొనే అవకాశం లేని డేరా బిడ్డ పరభాషా చిత్రాలలో సైతం రాణించడం ఆమె స్వయంకృషికి నిదర్శనం.

తల్లి పాత్రలు

కాలక్రమంలో చలనచిత్రరంగం మద్రాసులో స్థిరపడింది. నేపథ్యగానం వాడుకలోకి వచ్చింది. కొత్త కథానాయికలు ప్రవేశించారు. కమలాబాయి తన వయస్సుకు తగిన పాత్రలవైపు మరలింది. 1951లో విడుదలైన ‘పాతాళభైరవి’ చిత్రంలో తోటరాముని తల్లిగా ఆమె కనిపిస్తుంది. కొడుకు సాహసాలకు భయపడుతూ, అతని క్షేమం కోరుతూ, ఉన్నదానితో ఇల్లు గడుపుకొనే పేదతల్లి పాత్ర అది. ఆ చిత్రాన్ని చూసిన అసంఖ్యాక ప్రేక్షకులలో చాలామందికి ఆ తల్లియే తెలుగు తెర తొలి కథానాయిక అన్న సంగతి తెలియదు.

కథానాయిక స్థానం చేజారినందుకు కొందరు నటులు రంగాన్ని విడిచిపెడతారు. కమలాబాయి అలా చేయలేదు. సురభి సమాజంలో పెరిగినవారికి ఇది సహజమే. అక్కడ నిన్న శశిరేఖగా ఆడిన స్త్రీ రేపు సుభద్రగా ఆడుతుంది. ఆ మరునాడు చెలికత్తె లేకపోతే ఆ వేషం కూడా కడుతుంది. పాత్ర చిన్నదా పెద్దదా అన్న ప్రశ్న కంటె, ఆ రాత్రి నాటకం నిలబడాలన్న ఆలోచనే అక్కడ ముఖ్యం. ఈ క్రమశిక్షణ ఆమెకు జన్మతః వచ్చిన ఆస్తి.

కమలాబాయి 1971లో మరణించింది. స్త్రీ పాత్రలకు పెట్టింది పేరైన స్థానం నరసింహారావు కూడా అదే సంవత్సరం, ఆమెకు కొద్ది వారాల ముందు కన్నుమూశాడు. స్త్రీ పాత్రను పురుషుడు పరాకాష్ఠకు చేర్చిన యుగానికీ, ఆ పాత్రను స్త్రీ స్వయంగా అందుకొన్న యుగానికీ ప్రతినిధులైన ఇద్దరు కళాకారులను ఒకే ఏడాది తెలుగుజాతి కోల్పోయింది.

నిలిచిన వారసత్వం

కమలాబాయికి కీర్తి తెచ్చిన చలనచిత్రమే సురభి డేరాలకు ప్రత్యర్థి అయింది. ప్రేక్షకులు సినిమాశాలలకు తరలిపోగా సమాజాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. కొన్ని కుటుంబాలు మాత్రం వృత్తిని విడువలేదు. 1937లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి హైదరాబాదు సమీపంలోని లింగంపల్లి కేంద్రంగా సంప్రదాయాన్ని కొనసాగించింది. 1996 నుండి కొద్ది సంవత్సరాలపాటు ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ సురభి నటులతో కొత్త ప్రయోగాలు చేశాడు. ‘బాబ్జీ’గా ప్రసిద్ధుడైన ఆర్. నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన 2022లో మరణించాడు.

ఈ చరిత్రనంతటినీ కలిపి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. రంగస్థలం మీద తెలుగు స్త్రీకి స్థానం ఒక్కరోజులో, ఒక్కరివల్ల ఏర్పడలేదు. చిందు మేళంలో కాళ్ళకు గజ్జెలు కట్టిన పేరు తెలియని స్త్రీ, తోలుబొమ్మల తెర వెనుక సీతకు గొంతు ఇచ్చిన స్త్రీ, నిండు చూలాలై కూడా దమయంతి వేషం విడువని వెంకుబాయి ముందు నడిచారు. వారి వెనుక నడిచిన కమలాబాయి ముఖం మాత్రమే లోకానికి తెలిసింది.

ప్రతిభ వ్యక్తిది. కాని ఆ ప్రతిభ వెలుగులోకి రావడానికి చుట్టూ ఉన్నవారి అండ కావాలి. కలకత్తా మహానగరంలో వినోదిని వంటి మహానటికి దక్కని అండను రాయలసీమలోని ఒక బొమ్మలాట కుటుంబం తన ఆడబిడ్డలకు ఇవ్వగలిగింది. ఆ కుటుంబానికి సంపద లేదు, విద్య లేదు, అధికారం లేదు. తన ఇంటి స్త్రీ నలుగురిలో నిలిచి నోరు విప్పితే పరువు పోతుందన్న భయం కూడా లేదు. ఆ భయం లేకపోవడమే తెలుగు నాటకానికి, ఆ పిమ్మట తెలుగు చలనచిత్రానికి గొప్ప వరమైంది.